కత్తెర గదిలో తగ్గిన మూడడుగులు

గురువారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి భూతద్దం పోలీసు స్టేషను మెట్లెక్కింది. కళ్ళద్దాల మందం చూసి ఎవరో పెట్టిన పేరది. పన్నుల ఆఫీసులో ఇరవై ఏళ్ళు పరాయివాళ్ళ అబద్ధాలు కూడీ తీసీ విసుగెత్తిపోయి, ఉద్యోగం వదిలేసి డిటెక్టివు పని మొదలుపెట్టాక ఆ పేరే బోర్డు మీదికీ ఎక్కింది. మనుషుల మీద ఆవిడకి పెద్ద గౌరవమేమీ లేదు. ఉన్న కాస్తా ఆ ఇరవై ఏళ్ళలో ఖర్చయిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఆవిడకి మరిది, పోయిన భర్తకి సొంత తమ్ముడు. కిటికీకి పాత న్యూస్ పేపరు అంటించుకుని, దాని చిరుగులోంచి మొహాన కొడుతున్న ఎండకి ఒక కన్ను మూసుకుని కూర్చున్నాడు.

"రండి వదినగారూ. పారిపోయినవాణ్ణి ఇంకా వెతుకుతున్నారా?"

"పారిపోయాడని నీకెవరు చెప్పారబ్బాయ్?"

"నలభైమంది చెప్పారు. అందరూ దుకాణదారులే. ఆదివారం ఏడాది పన్ను డబ్బు మాస్టారి చేతిలో పోశారు. సోమవారం సాయంత్రానికి మాస్టారూ లేడు, డబ్బూ లేదు. ఇందులో డిటెక్టివుకి పనేముంది? నా ఐదేళ్ళ కూతురు కూడా తేల్చేస్తుంది."

"అయితే దాన్నే ఈ కుర్చీలో కూర్చోబెట్టు. కేసులు తొందరగా తేలతాయి."

ఆ మాస్టారు పన్నుల సలహాదారు. ఊళ్ళో అందరూ ఆయన్ని టేపు మాస్టారంటారు. ఇంట్లోనే ఒక గదిలో వ్యాపారం చేసుకునేవాళ్ళు ఆ గది ఖర్చు పన్నులో తగ్గించుకోవాలంటే, ఆ గదిని ఆయన తన టేపుతో తనే కొలవాలి. నోటిమాట నమ్మడు. కొలిచింది కొలిచినట్టు, కొలిచిన టైముతో సహా, జేబులో నోటుబుక్కులో రాసుకుంటాడు. భూతద్దం లోకంలో నమ్మే ఇద్దరు ముగ్గురిలో ఆయనొకడు.

"సోమవారం పొద్దున పన్నులు కట్టేశానని పెళ్ళానికి చెప్పి మరీ వెళ్ళాడు," అందావిడ.

"పెళ్ళాలకి చెప్పేవన్నీ నిజాలైతే నాకీ స్టేషనెందుకు?"

"రేపు పన్నుల ఆఫీసు తలుపు తీస్తే తేలిపోతుంది కదా. ఏడాది లెక్కల ముగింపని మూడు రోజులు మూసుకున్నారు. ఒక్క రాత్రి ఆగలేవూ?"

"ఆగలేను. సరిగ్గా ఐదింటికి పరారీ అని ఫైల్లో రాస్తాను. ఆ వెంటనే ఇంటికి సీలు. జనం వాకిట్లోనే కూర్చున్నారు వదినగారూ, పళ్ళు నూరుకుంటూ."

ఆ వాకిలి ఆవిడ పొద్దున చూసే వచ్చింది. నలభైమంది మగాళ్ళు చెప్పులు విప్పకుండా కూర్చుని ఉన్నారు. లోపల ఐదు నెలల పిల్లని భుజాన వేసుకుని మాస్టారి భార్య, పాలసీసాలూ తడిగుడ్డలూ ఒక సంచిలో సర్దుకుంటోంది. సీలు వేస్తే ఎక్కడికి వెళ్ళాలో ఆ అమ్మాయికి తెలియదు. "ఆకలేస్తే దీనికి టైమాగదక్కా," అని మాత్రం అంది.

కానిస్టేబులొకడు టీ గ్లాసుతో వాళ్ళ పక్కనుంచే వెళ్ళి, వెనక రికార్డు గది తాళం తీసి, గ్లాసు లోపల పెట్టి మళ్ళీ తాళం వేశాడు. కొత్త తాళం, తళతళ మెరుస్తోంది.

"రికార్డులకి టీ అలవాటు చేశావా అబ్బాయ్?"

"లోపల గుమాస్తా ఫైళ్ళు సర్దుతున్నాడు. ఒట్టి పనిదొంగ. బయట తాళం పడితేగాని చెయ్యి కదపడు." ఇన్‌స్పెక్టరు టోపీ తీసుకుని లేచాడు. "పదండి, ఎక్కడికెళ్తారో నేనూ వస్తాను. ఐదింటిదాకా మీ విన్యాసాలు చూస్తాను."

"పరదాలు కుట్టే కత్తెర ఇంటికి."

ఇన్‌స్పెక్టరు చెయ్యి టోపీ మీదే ఒక్క క్షణం ఆగింది. "వాడి వాంగ్మూలం నేను తీసుకున్నాను. సోమవారం మాస్టారు అటు రానేలేదు."

"తీసుకున్నావు. చదివావా?"

నాలుగింటికి వాళ్ళు కత్తెర ఇంటి ముందు దిగారు.

కత్తెర అసలు పేరు అతని రేషను కార్డుకీ పన్ను కాగితాలకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. చెవి వెనక సుద్దముక్క, మెడలో పరదాలు కొలిచే పొడవాటి గుడ్డ టేపు. నలుగురికీ వినపడేలా వినయంగా మాట్లాడతాడు. ముందు గదే పనిగది. ఒక మూల కుట్టుమిషను, మధ్యలో బల్ల, ఎదురుగా గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నమూనా పరదాలు. బల్ల దగ్గర అతని అత్తగారు కూర్చుని పరదా అంచులకి ఇత్తడి రింగులు పెట్టి సుత్తితో కొడుతోంది. వచ్చినవాళ్ళ వంక చూసింది గాని చెయ్యి ఆపలేదు.

"సోమవారం మాస్టారు వచ్చారా?" భూతద్దం కూర్చోకుండానే అడిగింది.

"లేదు మేడం. పిల్లల మీద ఒట్టు."

"నీకు పిల్లల్లేరు."

"పుట్టబోయే పిల్లల మీద."

"ఆయన రెండూ పదికి ఇంట్లోంచి బయల్దేరాడు. కత్తెర గది కొలిచి వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "రెండూ పదని ఆవిడకి అంత కచ్చితంగా ఎలా తెలుసో?"

"పిల్లకి పాలు పట్టిన ప్రతిసారీ కేలండరు మీద టైము రాసుకుంటుంది. తొలిచూలు, భయమెక్కువ. రెండూ ఐదుకి పాలు, రెండూ పదికి త్రేన్పు, ఆ త్రేన్పు వినే మాస్టారు చెప్పులేసుకున్నాడు. నీ డైరీలో ఒక్క పేజీ అంత శుభ్రంగా ఉంటే చూపించబ్బాయ్, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

ఇన్‌స్పెక్టరు మీసం సవరించుకున్నాడు. ఆవిడ కత్తెర వైపు తిరిగింది.

"సోమవారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఆరు నుంచి తొమ్మిదిదాకా పళ్ళ డాక్టరు దగ్గర పరదాలు తగిలిస్తున్నాను మేడం. పక్కకి కదలలేదు."

"బాగుంది. నీ పన్ను కాగితం చూశాను. గది ఖర్చు తగ్గించుకున్నావు. ఈ ఏడాది కూడా పద్నాలుగు అడుగుల పొడవు, పదకొండు వెడల్పు అని రాశావు. అంతేనా?"

"అంతే మేడం. మాస్టారే నేర్పారు. పనికి మాత్రమే వాడే చోటు రాసుకోవాలి, మంచం వేసుకునే చోటు రాయకూడదు అని."

"మధ్యలో ఏమన్నా తగ్గిందేమో? చూసి చెప్పు. తగ్గితే తగ్గిందని రాయడంలో సిగ్గేం లేదు. పన్ను కాస్త పెరుగుతుంది, అంతే."

పన్ను పెరుగుతుందనే మాట కత్తెర చెవిలో సూదిలా దిగింది. "తగ్గడమేంటి మేడం! పద్నాలుగంటే పద్నాలుగే. అంగుళం కూడా తగ్గదు. రాసివ్వమన్నా రాసిస్తాను."

"రాసివ్వు."

అతను రాసి సంతకం పెట్టేదాకా ఆగి, ఆవిడ అతని మెడలోంచే టేపు లాక్కుంది. ఒక కొస మరిది చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టింది. రెండో కొస పరదాల దాకా లాగింది. కళ్ళద్దాలు టేపుకి ఆనించి చదివింది.

"పొడవు పదకొండే."

గదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"టేపు సాగిపోయిందేమో మేడం," అన్నాడు కత్తెర.

"సాగిన టేపు తక్కువ చూపిస్తుంది, నిజమే. మూడడుగులు సాగిన టేపుతో ఇన్నాళ్ళూ పరదాలు కుట్టావా? ఊళ్ళో కిటికీలన్నీ సగం సగమే మూసుకుంటున్నాయా?" ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. "ఇది మాస్టారు నిరుడు గీసిన బొమ్మ. వాళ్ళింటి బీరువాలో నీలాంటి ప్రతివాడిదీ ఒక నకలుంటుంది. పద్నాలుగు అడుగులు, అవతలి గోడకి ఒక గూడు, ఆ గూట్లో పాత బిల్లు పుస్తకాలు. గూడేదయ్యా?"

"పూడ్చేశాను. ఎలకలు."

"మూడడుగుల ఎలకలా?"

ఇన్‌స్పెక్టరు టేపు కొస వదిలేశాడు. అది నేల మీద పడింది. "చాలు వదినగారూ. గది పెద్దదని రాస్తే అది పన్నుల వాళ్ళ తగాదా. ఫైను కడతాడు. మాస్టారికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఉందో లేదో బిల్లులు చెబుతాయి. నీ బిల్లులెక్కడ కత్తెరా?"

ఈ ప్రశ్నకి కత్తెర మొహం విప్పారింది. భూతద్దం ఇలాంటివాళ్ళని వందలమందిని చూసింది. అబద్ధం ఆడడానికి సిగ్గుపడరు గాని, బిల్లు దాచలేదంటే పరువు పోయినట్టు బాధపడతారు. బల్ల కింది నుంచి చెప్పుల అట్టపెట్టె తీసి పళ్ళెం అందించినట్టు అందించాడు. "ఏ నెలకి ఆ నెల దారం కట్టి పెట్టాను. ఇంటి ఖర్చు ఒక్కటి కూడా ఇందులో కలవదు. దుకాణం మిషను కొట్టిచ్చే బిల్లుల అచ్చు ఆరు నెలల్లో చెరిగిపోతుందని మాస్టారు చెప్పారు, అందుకే తెచ్చిన రోజే జిరాక్సు తీయించి వెనక గుచ్చుతాను."

"మంచి శిష్యుడివి."

ఆవిడ ఈ నెల కట్ట విప్పింది. దారం ఉండలు, సూదులు, మిషను నూనె. నాలుగో కాగితం దగ్గర వేలు ఆగింది. తీసి, వెలుగుకి పట్టి, గట్టిగా చదివింది.

"ప్లైవుడ్ షీట్లు ఎనిమిది. మేకులు రెండు కేజీలు. తెల్లరంగు డబ్బా ఒకటి. సోమవారం, సాయంత్రం ఏడూ ఐదు. వెనక జిరాక్సు. మీద నీ రాతలో, పనిగది మరమ్మతు ఖర్చు." కాగితం బల్ల మీద పెట్టింది. "ఏడూ ఐదుకి నువ్వు పళ్ళ డాక్టరు దగ్గర కదా? నోట్లో ప్లైవుడ్ కట్టించుకున్నావా?"

కత్తెర కాగితం అందుకోబోతే ఆవిడ దాని మీద అరచెయ్యి పెట్టింది.

"దొంగగోడ కట్టుకున్నావు, సరే. దాని ఖర్చు కూడా పన్నులో తగ్గించుకుందామనుకున్నావు చూడు, అక్కడ నీకు సాటి లేరు. పన్నుల ఆఫీసులో ఇరవై ఏళ్ళున్నాను, ఇంత కక్కుర్తి ఎక్కడా తగల్లేదు."

"గోడ పగలగొట్టడానికి వీల్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు చటుక్కున. "వారంటు కావాలి. రేపొద్దున మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళి తెస్తాను. అప్పటిదాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

నాలుగూ ఇరవై ఐదు. భూతద్దం మరిది మొహంలోకి ఓసారి చూసింది. ఐదింటికి ఒక ఇంటికి సీలు వెయ్యడానికి అడ్డురాని చట్టం ప్లైవుడ్‌ని కాపాడ్డానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకి అర్థం కాలేదు. అర్థం కానిది మనసులో ఒక పక్కన పెట్టుకుని ముసలావిడ పక్కన బల్ల మీద కూర్చుంది.

"పిన్నిగారూ, మీకు నెల జీతం బాగానే ముడుతోందే."

"నాకు జీతమేంటమ్మాయ్?"

"మీ అల్లుడుగారి కాగితాల్లో మీరు పనిమనిషి. రింగులు కొట్టడానికి నెలనెలా జీతం. ఎనిమిదేళ్ళుగా. ఇంట్లోవాళ్ళు నిజంగా పని చేస్తే, నిజంగా జీతమిస్తే రాసుకోవచ్చు, తప్పేం లేదు. మీరు పని చేస్తున్నారు, అది కళ్ళారా చూశాను."

ముసలావిడ అల్లుడి వైపు తిరిగింది. "ఏంటల్లుడుగారూ ఈవిడనేది?"

"అది... కాగితం మీద అత్తయ్యా. పద్ధతి."

"అద్దె కూడా ఉంది పిన్నిగారూ. ఈ ఇల్లు మీ పేరునే ఉందట. ఈ గదికి నెలనెలా మీకు అద్దె కడుతున్నట్టు రాశారు."

"అద్దె!" ముసలావిడ లేచింది. "పోయిన నెల కళ్ళజోడు అడిగితే చేతిలో డబ్బాడట్లేదన్నావే! తలనొప్పి మాత్రకి కూతుర్ని బతిమాలుకున్నాను కదా! సోమవారం మధ్యాహ్నం మాస్టారొచ్చి కొలిచి, బిల్లు పుస్తకాలు తిరగేసి కేకలేస్తుంటే, నాకెక్కడ తెలిసిపోతుందోనని చెల్లెలింటికి తరిమావు కదా అల్లుడూ!"

"వచ్చారన్నమాట," అంది భూతద్దం.

కత్తెర సుద్దముక్క కింద పడిపోయింది.

"వారంటు అన్నావు కదబ్బాయ్. ఇంటావిడ ఇక్కడే ఉంది. ఆవిడ గోడ ఆవిడ పగలగొట్టుకుంటే ఏ మేజిస్ట్రేటు వద్దంటాడు?"

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయేలోగా ముసలావిడ పరదాలు రెండు చేతులా లాగి పారేసింది. వెనక తెల్లరంగు వాసన ఇంకా పోలేదు. సుత్తి ఎత్తి కొట్టింది. ఎనిమిదేళ్ళ జీతం, ఎనిమిదేళ్ళ అద్దె, కళ్ళజోడు, అన్నీ ఆ చేతిలోకి వచ్చాయి. నాలుగో దెబ్బకి షీటు చీలింది. ఏడో దెబ్బకి మనిషి దూరేంత కంత పడింది.

భూతద్దం తల లోపల పెట్టింది. వాసన చూసింది. దుమ్ము, రంగు, పాత కాగితం. అంతే. భుజాలు అప్పుడు సడలాయి. లోపల మనిషి లేడు. గూటి నిండా బిల్లు పుస్తకాలు, నేల మీద మాస్టారి తోలుసంచి.

సంచి తెరిచింది. పైనే రసీదుల కట్ట. లెక్కపెట్టింది. నలభై. ప్రతిదాని మీదా పన్నుల ఆఫీసు ముద్ర, సోమవారం, పదకొండూ పావు. ఏ ఒక్కరి డబ్బూ ఎక్కడికీ పోలేదు.

"పిన్నిగారూ, ఈ కట్ట పట్టుకుని మాస్టారింటికి పరుగెత్తండి. ఒక్కొక్కడి పేరూ పిలిచి వాడి రసీదు వాడి చేతిలో పెట్టించమనండి ఆ అమ్మాయిని. చేతిలో పడ్డాక చెప్పులు తొడుక్కునే ఉన్నారు కాబట్టి వెంటనే వెళ్ళిపొమ్మనండి." ఒక నోటు తీసి ముసలావిడ గుప్పిట్లో పెట్టింది. "ఇది మీ మొదటి జీతం. దీనికి రసీదు అక్కర్లేదు."

ముసలావిడ అల్లుణ్ణి పురుగుని చూసినట్టు చూసి, సుత్తితో సహా వెళ్ళిపోయింది.

"సరే వదినగారూ, మీరే గెలిచారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు మరీ మెత్తగా ఉంది. "సీలు వద్దులెండి. మిగతా సామాను నా స్వాధీనం. ఫైలు మూసేద్దాం."

"మాస్టారు దొరక్కుండానే?"

అప్పటికే ఆవిడ చేతిలో సంచి అడుగున దొరికిన, మాస్టారి జేబులో ఉండాల్సిన నోటుబుక్కు ఉంది. చివరి పేజీ తీసింది. పెన్సిలు రాత, తీర్చినట్టు పొందిగ్గా ఉంది.

"మూడూ ఐదు, కత్తెర పనిగది. పద్నాలుగు, పదకొండు. కుట్టని పరదాలకి బిల్లులు అమ్ముతున్నాడు, కొన్నవాళ్ళు ఖర్చు రాసుకుంటున్నారు. కొన్నవాళ్ళ జాబితా ఇంటి బీరువాలోకి ఒక నకలు రాయాలి." పేజీ చివర ఇంకో వరుస ఉంది. ఆవిడ అది వెంటనే చదవలేదు. కంతలో చెయ్యి పెట్టి పైనున్న బిల్లు పుస్తకం లాగి, కార్బను కాపీలు తిప్పింది. మాస్టారు మడిచి వదిలిన పేజీ దానంతటదే తెరుచుకుంది.

ఇరవై రెండు పరదాలు. కొన్నవారు, పోలీసు స్టేషను.

న్యూస్ పేపరు అంటించిన కిటికీ ఆవిడ కళ్ళముందు మెదిలింది. అప్పుడు నోటుబుక్కులో ఆఖరి వరుస పైకి చదివింది.

"ఐదూ నలభై, పోలీసు స్టేషను. కిటికీలు రెండు. పరదాలు సున్నా."

ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఐదూ నలభైకి స్టేషనులో ఉన్న సంచి, ఏడూ ఐదుకి కొన్న ప్లైవుడ్ వెనక్కి ఎలా వచ్చిందో ఇంక ఎవరినీ అడగక్కర్లేదు.

"కాల్చెయ్యమంటే గోడ కట్టావట్రా వెధవా!" ఇన్‌స్పెక్టరు కత్తెర మీదికి దూకాడు.

"ఎనిమిదేళ్ళు దాచాలి కదండీ," కత్తెర ఏడుపు గొంతుతో అన్నాడు. "బిల్లు పుస్తకాలు కాల్చకూడదని మాస్టారే చెప్పారు..."

ఇన్‌స్పెక్టరు అతన్ని వదిలేసి గుమ్మం దాకా నడిచాడు. తలుపు మూశాడు. గడియ పెట్టాడు. వెనక్కి తిరిగేసరికి కుడిచెయ్యి నడుము దగ్గర తుపాకీ మీద ఉంది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి వదినగారూ. అన్నయ్య మొహం చూసి మర్యాదగా అడుగుతున్నాను."

"నాలుగూ నలభై ఎనిమిది," అంది భూతద్దం గోడ గడియారం చూసి. "నీ తొందరంతా ఇంటికి సీలు వెయ్యడానికి కాదు. కొన్నవాళ్ళ జాబితా నకలు ఇంట్లో ఉందనుకుని, సీలు వంకతో దూరి వెతుక్కోవడానికి. అది ఎక్కడుందో మాస్టారు చెప్పట్లేదు కదూ? చెప్పేదాకా ఆయన్ని బతికించక తప్పదు నీకు."

ఇన్‌స్పెక్టరు తుపాకీ బయటికి తీశాడు. కత్తెర బల్ల కిందికి దూరాడు.

ఆవిడ బిల్లు పుస్తకం కొంగులో చుట్టుకుని, చిన్నప్పుడు తన చేత్తో అన్నం కలిపి పెట్టిన మరిది మొహంలోకి అసహ్యంగా చూసింది.

"రికార్డు గదిలోకి పంపే టీలో చక్కెర తగ్గించి ఇమ్మను అబ్బాయ్. మాస్టారికి తీపి పడదు."